ఒక్క కోతా లేకుండా: ఆనంద్ పట్వర్ధన్ తీసిన సినిమాలు, నడిపిన కేసులు

2024 జనవరి 20. అయోధ్యలో ప్రాణప్రతిష్ఠకు ఇంకా రెండు రోజులుంది. హైదరాబాద్ శివార్లలోని సైనిక్‌పురిలో ఒక కెఫేలో కొందరు సినిమా అభిమానులు కూర్చుని ఒక డాక్యుమెంటరీ చూస్తున్నారు. ఫిర్యాదు వెళ్లింది, పోలీసులు వచ్చారు, ప్రదర్శన మధ్యలోనే ఆగిపోయింది. నిర్వాహకుల్లో ముగ్గురిని అరెస్టు చేశారు. వాళ్లు చూస్తున్నది నిషేధంలో ఉన్న సినిమా కాదు. సెన్సార్ బోర్డు దానికి 'యు' ధ్రువపత్రం ఇచ్చి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. అంటే పిల్లలతో సహా ఎవరైనా చూడవచ్చు. ఉత్తమ పరిశోధనాత్మక చిత్రంగా దానికి కేంద్ర ప్రభుత్వమే జాతీయ పురస్కారం ఇచ్చింది. కోర్టు ఆదేశం మీద దూరదర్శన్ కూడా దాన్ని 1997లో ప్రసారం చేసింది.

ఆ సినిమా 'రామ్ కే నామ్'. తీసినవారు ఆనంద్ పట్వర్ధన్. ఇన్ని ముద్రలు పడిన సినిమాను చూసినందుకు కేసు ఎలా వచ్చిందో అర్థం కావాలంటే ఆయన యాభై ఏళ్ల పనిని మొదటి నుంచి చూడాలి. ఆయన సినిమాల గురించి ఒకచోట, వివాదాల గురించి మరొకచోట రాయడం మనకు అలవాటు. అలా విడదీస్తే అసలు సంగతి చేజారిపోతుంది. తీసిన సినిమాను జనం ముందుకు చేర్చడానికి చేసిన పోరాటమూ ఆయన పనిలో భాగమే. ఆ పోరాటంలో వచ్చిన తీర్పులు ఆయన ఒక్కరికే కాదు, ఈ దేశంలో కెమెరా పట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఉపయోగపడుతున్నాయి.

పట్వర్ధన్ 1950 ఫిబ్రవరి 18న ముంబైలో పుట్టారు. ఇంట్లోనే స్వాతంత్ర్యోద్యమ చరిత్ర ఉంది. తండ్రి సోదరులు అచ్యుత్ పట్వర్ధన్, రావుసాహెబ్ పట్వర్ధన్ జైళ్లకు వెళ్లినవాళ్లు. అచ్యుత్ కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ స్థాపకుల్లో ఒకరు, 1942 ఉద్యమంలో అజ్ఞాతంలో ఉండి పనిచేసినవారు. తల్లి నిర్మల మట్టి పాత్రల కళలో పేరున్న కళాకారిణి. ముంబైలో ఆంగ్ల సాహిత్యం చదివిన ఆనంద్ స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ చదవడానికి వెళ్లారు. అక్కడ వియత్నాం యుద్ధ వ్యతిరేక ప్రదర్శనలలో పాల్గొన్నారు. సీజర్ చావెజ్ నడిపిన వ్యవసాయ కూలీల సంఘంలో స్వచ్ఛందంగా పనిచేశారు. తిరిగివచ్చాక మధ్యప్రదేశ్‌లో కిశోర్ భారతి సంస్థతో కలిసి గ్రామాల్లో ఉన్నారు. అంటే సినిమాల కంటే ముందు ఆయన ఉద్యమాల్లోకి వచ్చారు. ఆయనను పొగిడేవారూ తిట్టేవారూ ఇద్దరూ ఈ క్రమాన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది.

కెమెరా అవసరం బిహార్‌లో పడింది. 1974లో జయప్రకాశ్ నారాయణ్ నాయకత్వంలో ఉద్యమం ఉధృతంగా సాగుతోంది. నవంబరు 4న పట్నాలో జరగబోయే పెద్ద ప్రదర్శన మీద లాఠీలు విరుగుతాయని అందరికీ తెలుసు. దానికి సాక్ష్యం ఉండాలి. అరువు తెచ్చుకున్న సూపర్ 8 అనే చిన్న ఫిల్ము కెమెరాతో చిత్రీకరించి, ఆ బొమ్మను తెర మీద వేసి, మళ్లీ 16 ఎంఎం ఫిల్ము మీద తీశారు. ముతకగా, మసకగా ఉండే ఆ బొమ్మలతో 'క్రాంతి కీ తరంగే' తయారయ్యింది. సినిమా సిద్ధమైన కొద్ది కాలానికే, 1975 జూన్ 25న, అత్యవసర పరిస్థితి వచ్చిపడింది. ప్రింటు దొరికితే జైలే. సినిమాను ముక్కలుగా కత్తిరించి, వేర్వేరు మనుషుల చేతుల్లో దేశం దాటించారు. పట్వర్ధన్ పై చదువుకు మాంట్రియల్ చేరాక ఆ ముక్కలను అక్కడ మళ్లీ అతికించారు. తొలి సినిమాకే ఈ గతి పట్టింది కాబట్టి, తీయడం సగం పని అనీ, చూపించడం మిగతా సగమనీ ఆయనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

ఎమర్జెన్సీ ముగిశాక 1978లో రాజకీయ ఖైదీల మీద 'జమీర్ కే బందీ' తీశారు. కెనడాలో పంజాబీ వ్యవసాయ కూలీలు సంఘం పెట్టుకోవడం గురించి జిమ్ మన్రోతో కలిసి 1981లో మరో చిత్రం తీశారు. ఇవి విలువైనవే గానీ, పట్వర్ధన్ తనకంటూ ఒక పద్ధతిని కనుక్కున్నది 1985 నాటి 'హమారా షహర్'తోనే.

నేపథ్యం ఇది. 1981లో మహారాష్ట్ర ప్రభుత్వం ముంబై పేవ్‌మెంట్ల మీద, గుడిసెల్లో బతుకుతున్నవారిని తరిమేయడానికి పూనుకుంది. ఆ వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరి ఓల్గా టెల్లిస్ కేసుగా ప్రసిద్ధికెక్కింది. జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఉందని 1985లో కోర్టు చెప్పింది. చెప్పి, నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చునని కూడా చెప్పింది. అదే ఏడాది వచ్చిన 'హమారా షహర్'లో కూలుతున్న గుడిసెలూ ఉన్నాయి, మురికివాడల మీద విసుక్కునే సంపన్నుల మాటలూ ఉన్నాయి. కానీ ఆ సినిమాలో మరచిపోలేని ఘట్టం వేరే ఉంది. ఇల్లు పోయి రోడ్డున పడ్డ ఒక స్త్రీ కెమెరా వైపు తిరిగి దర్శకుడినే నిలదీస్తుంది. పేదల బొమ్మలు తీసుకుని పేరు తెచ్చుకోవడానికి వచ్చారు, మీ వల్ల మాకు ఒరిగేదేమిటని అడుగుతుంది. మరో దర్శకుడైతే ఎడిటింగులో తీసేసేవాడు. పట్వర్ధన్ ఉంచారు.

ఆమె అడిగినదానికి సినిమాలో జవాబు లేదు. జవాబు లాంటిది ఏదైనా ఉంటే అది మరుసటి ఏడాది, తెర బయట దొరుకుతుంది. 1986లో నారిమన్ పాయింట్ దగ్గరి సంజయ్ గాంధీ నగర్‌ను కూల్చేసినప్పుడు అక్కడి నివాసులతో పాటు పట్వర్ధన్, నటి షబానా అజ్మీ నిరాహార దీక్షకు కూర్చున్నారు. ప్రభుత్వం ప్రత్యామ్నాయ స్థలం ఇవ్వక తప్పలేదు. డాక్యుమెంటరీ తీసేవాడు దూరంగా నిలబడి చూడాలా, దిగి పాల్గొనాలా అన్న చర్చ ప్రపంచమంతటా ఉంది. పట్వర్ధన్ దిగే పక్షం. ఈ విషయాన్ని ఆయన ఎన్నడూ దాచుకోలేదు.

'హమారా షహర్'తోనే ఇంకో పేచీ కూడా మొదలయ్యింది. కేంద్రం ఆ సినిమాకు జాతీయ పురస్కారం ఇచ్చింది. అదే కేంద్రం చేతిలో ఉన్న దూరదర్శన్ ప్రసారం చేయడానికి ఒప్పుకోలేదు. అప్పట్లో దేశం మొత్తానికి ఉన్న టీవీ అదొక్కటే. డాక్యుమెంటరీలను థియేటర్లు కొనవు. ఫిల్మ్స్ డివిజన్ తీసిన ప్రభుత్వ చిత్రాలను మాత్రం పెద్ద సినిమాకు ముందు తప్పనిసరిగా వేయాల్సి ఉండేది. స్వతంత్రంగా తీసినవారికి మిగిలింది కళాశాలలు, సంఘాల కార్యాలయాలు, బస్తీల్లో కట్టిన తెరలు. పట్వర్ధన్ అవేవీ వదల్లేదు. ప్రొజెక్టరు మోసుకుని తిరిగారు. దానితో సరిపెట్టుకోకుండా ఒక సూటి ప్రశ్నతో కోర్టుకు వెళ్లారు. ప్రజల డబ్బుతో నడిచే ప్రసార సంస్థ, ప్రభుత్వమే ఉత్తమమని చెప్పిన సినిమాను ఏ కారణంతో చూపించదు? ఈ ప్రశ్న చుట్టూ ఆయన రెండు దశాబ్దాలు కేసులు నడిపారు, గెలిచారు. భగత్‌సింగ్ వారసత్వం గురించి, పంజాబ్‌లో మతసామరస్యం కోసం నిలబడినవారి గురించి తీసిన 1990 నాటి చిత్రాన్ని కూడా దూరదర్శన్ కాదంటే, బాంబే హైకోర్టు ప్రసారం చేయమంది.

ఇక 'రామ్ కే నామ్'. 1990 సెప్టెంబరు 25న సోమనాథ్ నుంచి ఎల్.కె. అద్వానీ రథయాత్ర బయలుదేరింది. అక్టోబరు 23న సమస్తిపూర్‌లో ఆయన అరెస్టయ్యారు. అక్టోబరు 30న కరసేవకులు అయోధ్యలో బాబ్రీ మసీదు మీదికి వెళ్లారు. పట్వర్ధన్ ఈ రోజులను వెంటాడి చిత్రీకరించి, 1992 డిసెంబరు 6 కంటే ముందే సినిమా పూర్తి చేశారు. ఈ ముందు, వెనకల తేడా చాలా ముఖ్యం. మసీదు కూలాక అయోధ్య గురించి ఎవరైనా చెప్పగలరు. కూలకముందే ఏం జరగబోతోందో కళ్లకు కట్టినట్టు చూపిన చిత్రం ఇది. అంత ముందుగా చూపినా దూరదర్శన్ ప్రసారం చేయలేదు.

ఆ సినిమాకు ప్రాణం పూజారి లాల్‌దాస్. రామజన్మభూమి ఆలయానికి కోర్టు నియమించిన ప్రధాన అర్చకుడు. ఆ ఆవరణలోనే కూర్చుని, ఈ ఆందోళన రాజకీయం కోసం, డబ్బు కోసం నడుస్తోందని కెమెరా ముందు నిదానంగా చెప్పారు. భక్తుడి గొంతుతోనే చెప్పారు. ఈ సినిమా హిందువులకు వ్యతిరేకమని అనేవారు లాల్‌దాస్ మాట్లాడిన ఆ కొన్ని నిమిషాలను ఓపికగా చూస్తే బాగుంటుంది. 1992లో ఆయనను అర్చక పదవి నుంచి తొలగించారు. 1993 నవంబరులో హత్యకు గురయ్యారు. ఇది తెలిశాక ఆ సంభాషణను మామూలుగా చూడడం ఎవరి వల్లా కాదు.

పట్వర్ధన్ ప్రశ్నలడిగే తీరు కూడా ఇక్కడే బాగా తెలుస్తుంది. గొంతు పెంచరు, వాదించరు. రాముడు పుట్టింది ఏ కాలంలో అన్నంత మామూలు ప్రశ్న వేసి, కెమెరాను కదపకుండా ఊరుకుంటారు. ఎదుటి మనిషి నమ్మకంగా మొదలుపెట్టి, తడబడి, నవ్వి, చివరకు కోపం తెచ్చుకుంటాడు. పెద్ద బృందం లేకపోవడం, కెమెరా చాలాసార్లు తన చేతిలోనే ఉండడం దీనికి తోడ్పడ్డాయి. కెమెరా పట్టుకున్న మనిషి ఒక్కడే అయితే ఎదుటివాళ్లు జాగ్రత్త మరచి మాట్లాడతారు.

తర్వాత 1995లో వచ్చిన 'పితా, పుత్ర ఔర్ ధర్మయుద్ధ్' మతహింసకూ మగతనపు భావనకూ ఉన్న బంధం మీద తీసిన రెండు భాగాల చిత్రం. మొదటి భాగానికి 'యు', రెండో భాగానికి పెద్దలకు మాత్రమే అనే 'ఎ' ధ్రువపత్రాలు వచ్చాయి. దానికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి, దాన్నీ దూరదర్శన్ వద్దంది. హింసను చూపిస్తే హింస రేగుతుందన్నది ఆ సంస్థ వాదన. కేసు సుప్రీంకోర్టు దాకా సాగి, 2006 ఆగస్టు 25న తీర్పు వచ్చింది. సినిమాను అక్కడో ముక్క ఇక్కడో ముక్క తీసి కొలవకూడదు, మొత్తంగా చూడాలి, సగటు మనిషికి అది ఏం చెబుతోందో చూడాలి అని కోర్టు తేల్చింది. ఒక చెడును చూపడం వేరు, దాన్ని సమర్థించడం వేరు అన్న తేడా ఆ తీర్పుకు ఆధారం. ప్రసారం చేయాలని ఆదేశించింది. న్యాయం దక్కింది, నిజమే. కానీ సినిమా పూర్తయిన పదకొండేళ్లకు దక్కింది. బాబ్రీ అనంతర అల్లర్ల వేడిలో జనం చూడవలసిన చిత్రం ఒక తరం మారాక తెర మీదికి వచ్చింది. ఈ జాప్యమే ఒక రకం సెన్సారు. దాన్ని ఏ తీర్పూ సరిచేయలేదు.

2002 నాటి 'జంగ్ ఔర్ అమన్' కథ ఇంకా పదునైనది. 1998 మేలో పోఖ్రాన్ అణుపరీక్షలు, వెంటనే పాకిస్తాన్ పరీక్షలు, రెండు దేశాల వీధుల్లో మిఠాయిలు. పట్వర్ధన్ గాంధీ హత్యతో సినిమా మొదలుపెట్టి భారత్, పాకిస్తాన్, జపాన్, అమెరికాలు తిరిగారు. సెన్సార్ బోర్డు మొదట ఆరు కోతలు అడిగింది. దర్శకుడు ఒప్పుకోకపోతే పునఃపరిశీలన సంఘం వాటిని ఇరవై ఒకటి చేసింది. ప్రధానితో సహా రాజకీయ నాయకులందరి బొమ్మలూ మాటలూ తీసేయమనడం వాటిలో ఒకటి. వాళ్లు బహిరంగ సభల్లో, టీవీల్లో చెప్పిన మాటలే అవి. బోర్డు నిర్ణయాల మీద అప్పీళ్లు వినే అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ జాబితాను రెండు కోతలు, ఒక చేర్పుకు కుదించింది. చాలామంది అక్కడ ఆగిపోతారు, రెండు కోతలేగా అనుకుంటారు. పట్వర్ధన్ ఆగలేదు. 2003లో బాంబే హైకోర్టు ఒక్క కోతా లేకుండా సినిమాను విడుదల చేయమంది. ఆయన మొండితనాన్ని విమర్శించేవారున్నారు. ఆ మొండితనం లేకపోతే ఈ తీర్పు ఉండేది కాదు.

ఇక్కడ చట్టం గురించి ఒక మాట చెప్పాలి. పుస్తకం అచ్చు వేయడానికి, పత్రిక నడపడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, సినిమాకు కావాలి. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం పెట్టిన ఈ తేడాను మొదట సవాలు చేసినది కూడా ఒక డాక్యుమెంటరీయే. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ నాలుగు నగరాల మీద తీసిన చిన్న చిత్రం గురించిన కేసులో, సినిమాకు ముందస్తు సెన్సారు రాజ్యాంగబద్ధమేనని 1970లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తలుపు అలా మూసుకుంది కాబట్టి, తర్వాతివారు దాని లోపల ఉంటూనే ఒక్కో సినిమాకూ విడిగా పోరాడవలసి వచ్చింది. 2004 ముంబై అంతర్జాతీయ చిత్రోత్సవంలో భారతీయ చిత్రాలకు మాత్రమే సెన్సారు ధ్రువపత్రం కావాలని నిబంధన పెట్టినప్పుడు పట్వర్ధన్‌తో సహా రెండు వందల మందికి పైగా దర్శకులు ఒక్కటై ఎదిరించారు. నిబంధన వెనక్కి వెళ్లింది. కానీ ఇబ్బందికరమైన సినిమాలు చాలా ఎంపికలో పోయాయి. అప్పుడు వాళ్లు 'వికల్ప్' పేరుతో దగ్గర్లోనే పోటీ ఉత్సవం పెట్టుకున్నారు.

'జై భీమ్ కామ్రేడ్' పట్వర్ధన్ సినిమాలన్నిటిలోకీ గొప్పది. 1997 జులై 11న ముంబై ఘాట్‌కోపర్‌లోని రమాబాయి నగర్‌లో అంబేద్కర్ విగ్రహానికి ఎవరో చెప్పుల దండ వేశారు. నిరసనకు దిగిన దళితుల మీద పోలీసులు కాల్పులు జరిపితే పదిమంది చనిపోయారు. కొద్ది రోజులకు కవి, గాయకుడు విలాస్ ఘోగ్రే ఉరి వేసుకున్నారు. 'హమారా షహర్'లో పాట పాడినది ఆయనే. స్నేహితుడి మరణం వేసిన ప్రశ్న వెంట పట్వర్ధన్ పద్నాలుగేళ్లు నడిచారు. మూడు గంటలకు పైగా సాగే ఆ సినిమా 2011లో పూర్తయ్యింది. అందులో వాదన తక్కువ, పాట ఎక్కువ. మహారాష్ట్ర దళిత గాయకుల గొంతులు, కబీర్ కళా మంచ్ అనే సాంస్కృతిక బృందంలోని యువతీయువకుల డప్పు కథను నడిపిస్తాయి. ఆ యువకులపై మావోయిస్టులన్న ముద్ర పడి కేసులు వచ్చినప్పుడు వారి రక్షణ కమిటీలో పట్వర్ధన్ నిలబడ్డారు.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, విదేశాల్లో చదివిన మనిషి దళితుల దుఃఖాన్ని తెర మీదికి తేవడంలో పెత్తనం ఎవరిది? కెమెరా ఎవరి చేతిలో ఉంది, ఎడిటింగ్ ఎవరు చేశారు, పురస్కారం ఎవరికి వచ్చింది? 1985లో ఆ స్త్రీ అడిగింది కూడా ఇదే. ఈ ప్రశ్నను కొట్టిపారేయడం తప్పు. పాటలను కత్తిరించకుండా పూర్తిగా వినిపించడం ద్వారా పట్వర్ధన్ తన గొంతును ఈ సినిమాలో బాగా తగ్గించుకున్నారు. అంతవరకు అది నిజాయితీ గల ప్రయత్నం. కెమెరా చేతులు మారితే తప్ప ఆ ప్రశ్న పూర్తిగా తీరదు.

ఆయన మీద వచ్చే రెండో విమర్శ ఏకపక్షమని. ఈ మాటలో సగమే నిజం ఉంది. ఆయనకు పక్షం ఉంది. వ్యాఖ్యానం ఆయన గొంతుతోనే, ప్రేక్షకుడిని ఒక దారిలో నడిపిస్తూ సాగుతుంది. అయితే తాను వ్యతిరేకించేవారిని మాట్లాడనివ్వకపోవడం ఏకపక్షం అవుతుంది. పట్వర్ధన్ సినిమాల్లో వాళ్లు తమ వేదికల మీద, తమ మాటల్లో ధారాళంగా మాట్లాడతారు. చిక్కు మరోచోట ఉంది. 2018 నాటి 'వివేక్' సుమారు నాలుగు గంటల సినిమా. హేతువాది నరేంద్ర దభోల్కర్, కమ్యూనిస్టు నాయకుడు గోవింద్ పన్సారే, కన్నడ పండితుడు ఎం.ఎం. కల్బుర్గి, పాత్రికేయురాలు గౌరీ లంకేశ్ హత్యలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం, గోరక్షకుల దాడులు అన్నీ అందులోకి వచ్చాయి. అన్నిటినీ ఒకే తాడుతో కట్టే ఆత్రంలో కొన్ని ముడులు వదులుగా పడ్డాయి. రోహిత్ తల్లి కనిపించినప్పుడు మాత్రం ఆ లోపాలేవీ గుర్తుకు రావు. ఆమ్‌స్టర్‌డామ్ డాక్యుమెంటరీ ఉత్సవంలో దానికి ఉత్తమ పూర్తినిడివి చిత్రం పురస్కారం దక్కింది. 2019లో కేరళ ఉత్సవంలో చూపడానికి కేంద్ర సమాచార ప్రసార శాఖ సెన్సారు ధ్రువపత్రం నుంచి మినహాయింపు నిరాకరించింది. కేరళ హైకోర్టు అనుమతించింది. అంతకు ముందే, 2015 అక్టోబరులో, పెరుగుతున్న అసహనానికి నిరసనగా జాతీయ పురస్కారాన్ని తిరిగి ఇచ్చేసిన దర్శకుల్లో పట్వర్ధన్ కూడా ఉన్నారు.

ఈ కేసులన్నిటిలో ఒక సమానాంశం ఉంది. ప్రతిచోటా ఒక కాగితం ఉంది. దూరదర్శన్ తిరస్కార లేఖ, సెన్సార్ బోర్డు కోతల జాబితా, మంత్రిత్వ శాఖ నిరాకరణ. కాగితం ఉంటే కారణం రాయాలి. రాసిన కారణాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు. పట్వర్ధన్ గెలుపులన్నీ ఈ వెసులుబాటు మీద నిలబడ్డాయి. ఇప్పుడు ఆ వెసులుబాటే సన్నగిల్లుతోంది. 'జంగ్ ఔర్ అమన్' కోతలను కుదించిన అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు. బోర్డు నిర్ణయం నచ్చకపోతే నేరుగా హైకోర్టుకు వెళ్లాల్సిందే. చిన్న దర్శకుడికి అది తలకు మించిన ఖర్చు. దీనికంటే పెద్ద మార్పు అసలు కాగితమే లేకుండా పోవడం. 2019 ఆగస్టులో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 'రామ్ కే నామ్' చూపబోయిన విద్యార్థులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. సైనిక్‌పురి కెఫేలో జరిగిందీ అదే. సినిమా మీద నిషేధం లేదు, దర్శకుడి మీద కేసు లేదు. ధ్రువపత్రం చెల్లుతూనే ఉంది. పట్టుబడింది చూసేవాళ్లు, చూపేవాళ్లు.

'రామ్ కే నామ్' యూట్యూబ్‌లో ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. ఎవరి ఫోనులో వారు ఒంటరిగా చూసుకుంటే అడిగేవారు లేరు. నలుగురు ఒక గదిలో కూర్చుని చూసి, దీపాలు వెలిగాక దాని గురించి మాట్లాడుకోబోతేనే పోలీసులు వచ్చారు. మసక బొమ్మల 'క్రాంతి కీ తరంగే'ను దొంగచాటుగా చూపిన రోజుల నుంచి పట్వర్ధన్ తన సినిమాలకు కోరుకుంటున్నది ఆ గదినే.